ఎండాకాలం గదిలో లిక్విడ్ కూలర్: ఓవర్‌క్లాక్ చేసిన 8700కె మీద నా పరీక్షలు

పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. మాఘమాసం ముహూర్తాలప్పుడు హైదరాబాద్‌లో ఇంకా కాస్త చల్లగానే ఉంటుంది కాబట్టి కంప్యూటర్ గురించి పెద్దగా ఆలోచించే పని ఉండదు. వైశాఖం ముహూర్తాలు అలా కాదు. అవి నడి ఎండాకాలంలో పడతాయి. రాత్రి పదకొండుకు ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకుంటే గది అప్పటికీ వేడిగానే ఉంటుంది. ఆ వేడి గదిలో ప్రాసెసర్ పొద్దున దాకా పూర్తి లోడ్ మీద పనిచేయాలి.

నా దగ్గరున్నది ఇంటెల్ కోర్ ఐ7-8700కె. 2017 అక్టోబరులో వచ్చిన చిప్. 6 కోర్లు, 12 థ్రెడ్లు, అన్ని కోర్లూ పనిచేస్తుంటే 4.3 గిగాహెర్ట్జ్ టర్బో. పేరు చివర 'కె' ఉంది కాబట్టి స్పీడును నిర్ణయించే మల్టిప్లయర్‌కు తాళం లేదు, ఓవర్‌క్లాక్ చేసుకోవచ్చు, అంటే కంపెనీ పెట్టిన స్పీడు కన్నా పైన నడపవచ్చు. ఈ చిప్‌లు చాలావరకు 4.8, 4.9 దాకా వెళ్తాయి, కొన్ని 5.0 అందుకుంటాయి. అడ్డం పడేది వేడి. నా పాత ఎయిర్ కూలర్ ఒకే టవర్, ఒకే 120 ఎం.ఎం. ఫ్యాన్ ఉన్న రకం. మామూలు స్పీడులో ఏ ఇబ్బందీ లేదు గానీ 5.0 పెట్టగానే చిప్ 100 డిగ్రీలు తాకి తనంతట తాను స్పీడు తగ్గించుకునేది. అలా థ్రాటిల్ అయితే ఓవర్‌క్లాక్ చేసీ లాభం లేదు.

అందుకే 240 ఎం.ఎం. ఏఐఓ (ఆల్-ఇన్-వన్) లిక్విడ్ కూలర్ కొన్నాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో షాపతను ధీమాగా చెప్పాడు: "ఇది పెడితే ఇరవై డిగ్రీలు తగ్గుతది అన్నా, ఇక టెన్షనే ఉండదు." ఆ మాట మీద అనుమానమేమీ లేదు. కానీ ఆ ఇరవై ఏ లోడ్ మీద, ఏ వేడి గదిలో, ఎంతసేపటికి? అది తెలియకుండా ఆ అంకెను ఎలా వాడుకోవాలో నాకు తెలియదు. యూరప్‌లోనో అమెరికాలోనో 21 డిగ్రీల గదిలో చేసిన రివ్యూలు మన ఏప్రిల్ గదికి నేరుగా పనికిరావు. కాబట్టి నా గదిలో, నా చిప్ మీద నేనే కొలవాలనుకున్నాను.

ఏఐఓ గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. ప్రాసెసర్ మీద రాగి పలక, దాని మీదే చిన్న పంపు, అక్కణ్ణుంచి రెండు రబ్బరు గొట్టాలు, అవి వెళ్లి చేరేది ఫ్యాన్లు బిగించిన రేడియేటర్. ఫ్యాక్టరీలోనే ద్రవం నింపి సీల్ చేసి ఇస్తారు, మనం పోయాల్సిందేమీ ఉండదు. పంపునూ రాగి పలకనూ ఒకే డబ్బాలో పెట్టే ఈ పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చింది డెన్మార్క్ కంపెనీ అసెటెక్. వాళ్లు తయారుచేసిన యూనిట్‌నే 2009లో కోర్సెయిర్ హెచ్50 పేరుతో అమ్మింది. లోపలుండేది ఉత్త నీళ్లు కావు. చాలా ఏఐఓల్లో పలక రాగిది, రేడియేటర్ అల్యూమినియంది. ఈ రెండు లోహాలూ ఒకే నీళ్లలో తడుస్తూ ఉంటే అల్యూమినియం తుప్పు పట్టి తరిగిపోతుంది. అది జరగకుండా నీళ్లలో తుప్పు నిరోధకాలు, గ్లైకాల్ లాంటివి కలుపుతారు. ఇక మీదట నేను 'నీళ్లు' అన్నది ఈ ద్రవాన్నే.

కూలర్ ఎంత వేడిని మోయాలో బిగించకముందే కాగితం మీద లెక్క వేసుకున్నాను. చిప్ తాగే కరెంటు (వాట్లు) స్పీడుతో పాటు నేరుగా పెరుగుతుంది, వోల్టేజీతో మాత్రం దాని వర్గం చొప్పున పెరుగుతుంది. నా చిప్ 4.3 దగ్గర లోడ్ మీద దాదాపు 1.16 వోల్టులు తీసుకుంటోంది. 5.0 దగ్గర 1.33 కావాల్సి వచ్చింది. స్పీడు 16 శాతమే పెరిగినా, వోల్టేజీ వర్గంతో కలిపి గుణిస్తే కరెంటు 53 శాతం పెరగాలి. మామూలుగా 107 వాట్లు తాగే చిప్ 164 దగ్గరికి రావాలి. తర్వాత సాఫ్ట్‌వేర్ చూపించింది 165. లెక్క అంత దగ్గరగా సరిపోవడం చూసి చాలా సంతోషం వేసింది. ఓవర్‌క్లాక్‌లో అసలు ఖర్చు వోల్టేజీదే. ఇది తెలిస్తే చివరి వంద మెగాహెర్ట్జ్ కోసం ఎంత వేడి కొనుక్కుంటున్నామో ముందే తెలిసిపోతుంది.

బిగించడం గురించి ఎక్కువ చెప్పను, ప్రతి కూలర్ పెట్టెలోనూ బొమ్మలతో కాగితం ఉంటుంది. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని దాటించే పాత థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచాను. కొత్తది మధ్యలో బఠాణీ గింజంత పెట్టాను. నాలుగు స్క్రూలనూ ఎదురెదురు మూలల వరుసలో కొంచెం కొంచెంగా తిప్పాలి, ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు వెళితే పేస్టు ఒకవైపే నొక్కుకుంటుంది. పంపు వైరును మదర్‌బోర్డు మీద దానికోసం ఉన్న హెడర్‌కే పెట్టి, బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎప్పుడూ పూర్తి స్పీడులో తిరిగేలా ఉంచాను. రేడియేటర్‌ను క్యాబినెట్ ముందు భాగంలో, బయటి గాలిని లోపలికి లాగేలా పెట్టాను. దాని పై అంచు పంపు కన్నా ఎత్తులో ఉండేలా చూసుకున్నాను, ఇది ముఖ్యం. ఎంత సీల్ చేసినా రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి తేమ కొంచెం కొంచెంగా బయటికి పోతుంది, ఆ ఖాళీలో గాలి చేరుతుంది. గాలి ఎప్పుడూ పైకే వెళుతుంది. అన్నిటికన్నా పైన పంపు ఉంటే ఆ గాలి పంపులో చేరి గరగర చప్పుడు మొదలవుతుంది, పంపు ఆయుష్షు కూడా తగ్గుతుంది.

కొలిచే పద్ధతి మీద మాత్రం నాకు పట్టుదల ఎక్కువ. వైరు చివర ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్‌ను రేడియేటర్‌లోకి గాలి వెళ్లే చోటే వేలాడదీశాను. ఎందుకంటే ఏ కూలరైనా, గాలిదైనా నీళ్లదైనా, గది కన్నా ఎంత పైన చిప్‌ను నిలబెట్టగలదన్నదే దాని సత్తా. చిప్ 70 డిగ్రీల్లో ఉందని చెబితే అది మంచిదో చెడ్డదో ఎవరూ చెప్పలేరు. గది 20 అయితే అది 50 డిగ్రీల తేడా, గది 35 అయితే 35 డిగ్రీల తేడా. నేను రాసుకున్న ప్రతి అంకె పక్కనా గది ఉష్ణోగ్రత ఉంది. చివర్లో చెప్పే ఒక ఏసీ పరీక్ష తప్ప మిగతావన్నీ గది 31 దగ్గర ఉన్నప్పుడే, ఏసీ వేయకుండా, సీలింగ్ ఫ్యాన్ కూడా ఆపి చేశాను.

లోడ్ కోసం ప్రైమ్95 వాడాను. నిజానికి ఇది కంప్యూటర్లను పరీక్షించడానికి పుట్టిన ప్రోగ్రామ్ కాదు. జార్జ్ వోల్ట్‌మన్ 1996లో మొదలుపెట్టిన, మెర్సెన్ ప్రధాన సంఖ్యలను వెతికే ప్రాజెక్టు కోసం రాసింది. భారీ గుణకారాలు చేస్తూ, లెక్క ఎక్కడైనా తప్పిందేమో తనను తానే చూసుకుంటూ ఉంటుంది. అందుకే అస్థిరంగా ఉన్న ఓవర్‌క్లాక్‌ను ఇట్టే పట్టేస్తుంది. అందులోని 'స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ' అనే పరీక్షలో డేటా అంతా చిప్ లోపలి క్యాష్‌లోనే తిరుగుతుంది కాబట్టి వేడి గరిష్ఠంగా పుడుతుంది. ప్రధాన పరీక్షలకు ఏవీఎక్స్ అనే ప్రాసెసర్ ప్రత్యేక సూచనలను ఆపి ఉంచాను, దాని సంగతి తర్వాత చెబుతాను. అంకెలు చూడటానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్. అందులో 'మాక్సిమమ్' గడిని నేను లెక్కలోకి తీసుకోను. సెకనులో వచ్చి పోయే ఒక ఎగుడు అక్కడ శాశ్వతంగా నిలిచిపోతుంది. చివరి అయిదు నిమిషాల సగటే రాసుకున్నాను.

ముందు ఓవర్‌క్లాక్ లేకుండా. 107 వాట్ల దగ్గర పాత ఎయిర్ కూలర్ చిప్‌ను 78 డిగ్రీల దగ్గర ఆపింది, అంటే గది మీద 47. అదే లోడ్, అదే గది, ఏఐఓతో 68. గది మీద 37. పది డిగ్రీలు తగ్గింది, ఇరవై కాదు. ఖాళీగా ఉన్నప్పుడు రెండింటికీ తేడా దాదాపు లేదు. వేడి పుట్టనప్పుడు దాన్ని మోసే సత్తాతో పనేముంది? ఎవరైనా ఖాళీ డెస్క్‌టాప్ స్క్రీన్‌షాట్ చూపించి కూలర్‌ను మెచ్చుకుంటే పట్టించుకోవద్దు.

ఈ పది డిగ్రీలను ఒక వాటుకు ఎంత అని చూస్తే విషయం తేటపడుతుంది. ఎయిర్ కూలర్‌కు వాటుకు 0.44 డిగ్రీలు, ఏఐఓకు 0.35 డిగ్రీలు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ వాట్లు పెరిగేకొద్దీ అదీ పెరుగుతూ పోతుంది. 165 వాట్ల దగ్గర ఎయిర్ కూలర్‌కు గది మీద 72 డిగ్రీలకు పైగా అవసరం. గది 31. మొత్తం వంద దాటిపోయింది. పాత కూలర్ మీద ఎందుకు థ్రాటిల్ అయ్యేదో ఇదే లెక్క చెప్పేసింది.

తర్వాత ఓవర్‌క్లాక్. 4.7 నుంచి మొదలుపెట్టి వంద వంద మెగాహెర్ట్జ్ చొప్పున పైకి వెళ్లాను. ప్రతి మెట్టు దగ్గరా ప్రైమ్95లో ఏదైనా వర్కర్ (ఒక్కో కోర్ మీద నడిచే లెక్క) రౌండింగ్ తప్పుతో ఆగితే వోల్టేజీ కొంచెం పెంచడం, మళ్లీ నడపడం. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వీయా ఎర్రర్ల (విండోస్ నమోదు చేసే హార్డ్‌వేర్ తప్పుల) లెక్క ఉంటుంది, దాన్నీ చూస్తూ ఉండాలి. కంప్యూటర్ హ్యాంగ్ కాకపోయినా అక్కడ అంకె పెరుగుతుంటే చిప్ లోపల తప్పులు జరిగి సర్దుకుంటున్నాయని అర్థం. రాత్రంతా నడిచే ఎక్స్‌పోర్ట్ మధ్యలో అలాంటిది నాకు అక్కర్లేదు. లోడ్ మారినప్పుడు వోల్టేజీ జారకుండా చూసే లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ను బయాస్‌లో మధ్యస్థంగా ఉంచాను. బాగా తగ్గిస్తే లోడ్ పడగానే వోల్టేజీ జారిపోతుంది, బాగా పెంచితే లోడ్ తీసేసిన క్షణంలో వోల్టేజీ ఎగదన్నుతుంది. నా చిప్ 5.0 దగ్గర 1.33 వోల్టులతో నిలబడింది. ఇదే మోడల్ ఇంకొకరి దగ్గర అంతకన్నా తక్కువకే నిలబడవచ్చు, అసలు నిలబడకపోనూవచ్చు. చిప్‌కూ చిప్‌కూ తేడా ఉంటుంది.

ఇక నన్ను బాగా పట్టేసిన భాగం. 5.0 దగ్గర, 165 వాట్లతో, ఫ్యాన్లను 1500 ఆర్‌పీఎం దగ్గర కదలకుండా ఉంచి పరీక్ష మొదలుపెట్టి, గ్రాఫ్ ముందు కూర్చున్నాను. ఈ కూలర్ నీళ్ల ఉష్ణోగ్రతను కూడా యూఎస్‌బీ ద్వారా చూపిస్తుంది, అదే ఈ పరీక్షకు ప్రాణం. స్టార్ట్ నొక్కిన మరుక్షణమే చిప్ 76, 78 దాకా ఎగిరింది. ఆ క్షణంలో నీళ్లు ఇంకా 32 దగ్గరే ఉన్నాయి! అక్కణ్ణుంచి చిప్ నెమ్మదిగా పాకడం మొదలుపెట్టింది, నీళ్లు కూడా దానితోపాటే. ఆరేడు నిమిషాలకు నీళ్లు 41 దగ్గర ఆగాయి, చిప్ 88 దగ్గర ఆగింది. అయిపోయిందనుకునే చోట మూడో కదలిక మొదలైంది. తలుపులు మూసి ఉన్న గదిలో ఈ కంప్యూటర్ ఒక చిన్న హీటర్ లాగే పనిచేస్తుంది. గంట గడిచేసరికి గది 33కు చేరింది. నీళ్లు 43, చిప్ 90.

చిప్‌లో పుట్టిన వేడి పలకకు చేరడానికి క్షణం, నీళ్లు వేడెక్కి నిలబడటానికి కొన్ని నిమిషాలు, గది వేడెక్కడానికి గంట. రెండు నిమిషాల పరీక్ష చేసి ఏఐఓ అద్భుతంగా ఉందని చెప్పేవాళ్లు నీళ్లు ఇంకా వేడెక్కకముందే అంకె రాసుకున్నట్టు. కనీసం అరగంట నడపకుండా, గది ఎంతుందో రాసుకోకుండా తీసిన ఏ అంకెనూ నేను నమ్మను.

గ్రాఫ్‌లో ఇంకో విషయం దాగి ఉంది. గది 31, నీళ్లు 41, చిప్ 88. మొత్తం 57 డిగ్రీల తేడాలో నీళ్లకూ గదికీ మధ్య ఉన్నది పదే. మిగిలిన 47 చిప్‌కూ నీళ్లకూ మధ్యే ఉంది! రేడియేటర్ తన పని చక్కగా చేస్తోంది, వేడి అక్కడిదాకా చేరడమే కష్టంగా ఉంది. దీనికి కారణం చాలావరకు ప్రాసెసర్ మూత కింద ఉంది. 2011 నాటి శాండీ బ్రిడ్జ్ చిప్‌లలో ఇంటెల్ సిలికాన్‌నూ పై మూతనూ లోహంతో సోల్డర్ చేసేది. 2012లో ఐవీ బ్రిడ్జ్‌తో దాన్ని మానేసి మామూలు థర్మల్ పేస్టుకు వచ్చింది. 8700కె కూడా ఆ పేస్టు తరానిదే. 2018లో 9900కెతో మళ్లీ సోల్డర్ తెచ్చారు. లోపలి పేస్టు వేడిని అంత సులువుగా వదలదు. మనం బయట ఎంత గొప్ప కూలర్ పెట్టినా ఆ పొర దాటాకే వేడి మన చేతికి వస్తుంది.

అందుకే 360 ఎం.ఎం. కొననందుకు నాకే చింతా లేదు. రేడియేటర్ ఒకటిన్నర రెట్లు పెద్దదైతే ఆ పది డిగ్రీలు ఏ ఆరో ఏడో అవుతాయి. చిప్ 88 నుంచి 84, 85కు దిగుతుంది. డబ్బు మాత్రం బాగానే అవుతుంది. కొత్త తరం చిప్‌లు రెండు వందల వాట్లు దాటి తాగుతాయి, మూత కింద సోల్డర్ ఉంటుంది, అక్కడి లెక్క వేరు.

ఫ్యాన్ స్పీడు పరీక్ష కూడా ఇదే మాట చెప్పింది. 800 ఆర్‌పీఎం దగ్గర నీళ్లు 47, చిప్ 94. 1500 దగ్గర 41, 88. 2000 దగ్గర 39, 86. ఎనిమిది వందల నుంచి పదిహేను వందలకు వెళితే ఆరు డిగ్రీలు దొరికాయి. అక్కణ్ణుంచి రెండు వేలకు వెళితే రెండే. ఆ రెండు డిగ్రీల కోసం వచ్చే హోరు పక్క గదిలో పడుకున్నవాళ్లకు కూడా వినిపిస్తుంది. పదిహేను వందల దగ్గరే ఆగాను.

ఇక్కడ ఏఐఓ ఉన్నవాళ్లందరికీ పనికొచ్చే మాట ఒకటి. ఫ్యాన్ల స్పీడును చిప్ ఉష్ణోగ్రతతో కాకుండా నీళ్ల ఉష్ణోగ్రతతో ముడిపెట్టండి. బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిచినా చిప్ ఒక్కసారిగా పదిహేను డిగ్రీలు ఎగిరి దిగుతుంది, ప్రతి ఎగుడుకూ ఫ్యాన్లు అరిచి ఆగుతుంటాయి. ఆ క్షణంలో ఫ్యాన్లు ఎంత తిరిగినా చిప్‌కు ఉపయోగం లేదు, నీళ్లు ఇంకా వేడెక్కలేదు కదా. నీళ్లతో ముడిపెట్టాక మా గది ప్రశాంతంగా ఉంది. మన దగ్గర మాత్రం గది వేడిని దృష్టిలో పెట్టుకుని గీత గీసుకోవాలి. కంపెనీ ఇచ్చే ముందస్తు సెట్టింగ్ 35 డిగ్రీల నీళ్లకే ఫ్యాన్లను పెంచేస్తే, ఏప్రిల్‌లో ఏ పనీ లేకపోయినా అవి తిరుగుతూనే ఉంటాయి. నేను 38 దాకా నెమ్మదిగా, 44కు 1500 చేరేలా పెట్టుకున్నాను.

పంపు స్పీడును అరవై శాతానికి తగ్గించి చూశాను. నీళ్ల ఉష్ణోగ్రత కదల్లేదు, చిప్ మాత్రం మూడు డిగ్రీలు పెరిగింది. రాగి పలకలోని సన్నటి కాలువల్లో నీళ్లు మెల్లగా పారితే వేడిని అంత బాగా ఎత్తుకోలేవు. చప్పుడులో పెద్ద తేడా లేదు కాబట్టి పూర్తి స్పీడే ఖాయం చేశాను.

కరెంటు, దుమ్ము మన దగ్గర ఎలా ఉంటాయో తెలుసు కాబట్టి ఫ్యాన్లు ఆగిపోతే ఏమవుతుందో చూడాలనిపించింది. ఓవర్‌క్లాక్ తీసేసి, 107 వాట్ల లోడ్ మీద రెండు ఫ్యాన్లూ ఆపాను. చిప్‌కు వెంటనే ఏమీ కాలేదు. నీళ్లు 38 నుంచి నిమిషానికి నాలుగైదు డిగ్రీల చొప్పున ఎక్కుతూ వచ్చాయి, చిప్ కూడా నీళ్ల కన్నా ఎప్పుడూ అంతే దూరం పైన ఉంటూ వెంట వచ్చింది. నీళ్లు 58కి, చిప్ 88కి వచ్చాక ఆపేశాను. చాలా ఏఐఓలకు నీళ్లు 60 దాటకూడదు. ఫ్యాన్ పోతే గమనించడానికి మనకు కొన్ని నిమిషాల వ్యవధి ఉందన్నమాట. పంపు పోతే ఆ వ్యవధి ఉండదు, పలక మీద నిలిచిపోయిన కొద్దిపాటి నీళ్లు క్షణాల్లో వేడెక్కిపోతాయి, లోడ్ మీదున్న చిప్ వెంటనే వంద తాకుతుంది. ప్రాసెసర్ కాలిపోదు, స్పీడు తగ్గించుకుంటుంది, అయినా తగ్గకపోతే ఆగిపోతుంది. దీన్ని పరీక్షించాల్సిన అవసరం లేదు. పంపు ఆర్‌పీఎం సున్నా అయితే అలారం మోగేలా బయాస్‌లో పెట్టుకుంటే చాలు.

గది సంగతి విడిగా చూశాను. ఏసీ వేసి గదిని 25కు తెచ్చి అదే 5.0 పరీక్ష నడిపితే చిప్ 82 దగ్గర ఆగింది. గది ఆరు తగ్గితే చిప్ ఆరు తగ్గింది. కాబట్టి మే నెలలో గది 37 అయితే చిప్ 94 అవుతుందని పరీక్ష లేకుండానే చెప్పవచ్చు.

విశాఖలో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్‌లో అడిగాడు, "అన్నయ్యా, మా దగ్గర గాల్లో తేమ ఎక్కువ కదా, లిక్విడ్ కూలర్ గొట్టాల మీద చెమట పట్టి మదర్‌బోర్డు మీద పడదా?" మంచి ప్రశ్న. పడదు. గాలిలోని తేమ నీరుగా మారాలంటే ఆ వస్తువు చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లగా ఉండాలి. ఏఐఓలో నీళ్లను చల్లబరిచేది గది గాలే కాబట్టి అవి ఎప్పుడూ గది కన్నా వేడిగానే ఉంటాయి. చిల్లర్, పెల్టియర్ లాంటివి పెట్టి గది కన్నా కిందికి దించేవాళ్లకే ఆ భయం.

కూలర్ మార్చినప్పుడు చాలామంది చూడనిది ప్రాసెసర్ పక్కనే ఉండే వీఆర్ఎం. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌కు వోల్టేజీ తయారుచేసే భాగం అది. టవర్ కూలర్ ఫ్యాన్ గాలి కొంత ఈ భాగం మీదుగా కూడా పోతుంది. ఏఐఓ పెట్టగానే అక్కడ గాలి ఆగిపోతుంది, పైగా ఓవర్‌క్లాక్ వల్ల అది మోసే కరెంటు పెరుగుతుంది. నా బోర్డు మీద మామూలు స్పీడులో ఎయిర్ కూలర్‌తో 66 ఉన్న వీఆర్ఎం, 5.0 దగ్గర ఏఐఓతో 96కు వెళ్లింది. చిప్ అంకెలు చూసి సంబరపడుతుంటే పక్కన ఇది ఉడుకుతూ ఉంది. క్యాబినెట్ వెనక ఫ్యాన్ స్పీడు పెంచి, పైన ఇంకో ఫ్యాన్ కలిపాక 83కు దిగింది. ఏఐఓ బడ్జెట్‌లో ఒక ఫ్యాన్ ధర కూడా కలుపుకోమని అడిగిన ప్రతివాళ్లకూ చెబుతున్నాను.

రేడియేటర్ ముందు పెట్టాలా పైన పెట్టాలా అన్నది గ్రాఫిక్స్ కార్డుతో తేలే విషయం. నా దగ్గర 150 వాట్ల జీటీఎక్స్ 1070 ఉంది. రెండింటికీ ఒకేసారి పూర్తి లోడ్ ఇచ్చాను. రేడియేటర్ పైన ఉండి లోపలి గాలిని బయటికి తోస్తున్నప్పుడు దానికి అందే గాలి గ్రాఫిక్స్ కార్డు వేడి చేసి పంపింది, 38 డిగ్రీలు. చిప్ 95కు వెళ్లింది, కార్డు 74. ముందు పెడితే చిప్ 88, కార్డు 77. నా పనిలో ప్రాసెసర్‌కే ఎక్కువ శ్రమ కాబట్టి ముందే ఉంచాను. గేమ్స్ ఆడేవాళ్లు పైన పెట్టుకుంటే తప్పేమీ లేదు, ఆటల్లో ప్రాసెసర్ ఇన్ని వాట్లు తాగదు.

ఏవీఎక్స్ గురించి చెబుతానన్నాను. వీడియో ఎన్‌కోడర్లు ఈ ప్రత్యేక సూచనలను బాగా వాడుకుంటాయి. ఒకే దెబ్బకు ఎక్కువ అంకెల మీద లెక్క చేయడం వల్ల పని వేగంగా అవుతుంది, వేడీ అంతే పుడుతుంది. 5.0 దగ్గర ఏవీఎక్స్‌తో ప్రైమ్95 నడిపితే 195 వాట్లు, చిప్ 98. ఇది అంచు మీద నిలబడటమే. గది ఇంకో రెండు డిగ్రీలు పెరిగితే థ్రాటిల్. నిజమైన ఎక్స్‌పోర్ట్ అంత దారుణంగా ఉండదు గానీ మే నెల రాత్రికి అది సరిపడే జాగా కాదు.

అందుకే 4.9కు దిగాను. దానికి 1.27 వోల్టులు చాలాయి. వంద మెగాహెర్ట్జ్ వదులుకుంటే 165 వాట్లు 146 అయ్యాయి, చిప్ 88 నుంచి 82కు వచ్చింది. రెండు శాతం స్పీడు ఇచ్చి ఆరు డిగ్రీలు తెచ్చుకోవడం నాకు చాలా నచ్చింది. ఏవీఎక్స్ పని వచ్చినప్పుడు ఇంకో వంద తగ్గేలా ఆఫ్‌సెట్ 1 పెట్టాను. ప్రాసెసర్ వేగాన్ని కొలిచే సినీబెంచ్ ఆర్23లో మామూలుగా 8,900 దగ్గర ఉండే స్కోరు దాదాపు 10,000కు వచ్చింది. గంట పట్టే ఎక్స్‌పోర్ట్ ఇప్పుడు యాభై నాలుగు నిమిషాల్లో అవుతోంది. రాత్రికి వరసగా ఎనిమిది ఫంక్షన్ల క్లిప్పులు పెట్టి పడుకునే సీజన్‌లో, పొద్దున కస్టమర్ ఫోన్ చేసేసరికి ఫైల్ సిద్ధంగా ఉండటానికి ఆ నిమిషాలన్నీ కలిసొస్తాయి.

మూత తీసి లోపలి పేస్టు స్థానంలో లిక్విడ్ మెటల్ పెడితే ఈ చిప్‌లో పదిహేను, ఇరవై డిగ్రీలు తగ్గుతాయని అది చేసినవాళ్లందరూ చెబుతారు. 47 డిగ్రీల తేడా ఎక్కడుందో చూశాక నాకూ అది సబబే అనిపిస్తోంది. కానీ రోజూ అన్నం పెట్టే మెషీన్ మీద బ్లేడు పెట్టడం నాకు ఇష్టం లేదు. ఇంకో చిప్ చేతిలోకి వచ్చాక దీని మీద చేస్తాను.

ఈ పరీక్షల అంకెలను ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ పక్క తలుపు లోపలివైపు అతికించాను: వాట్లు, గది, నీళ్లు, చిప్, ఫ్యాన్ ఆర్‌పీఎం. ఆర్నెల్లకోసారి అదే 4.9 పరీక్ష అరగంట నడిపి పోల్చి చూస్తాను. నీళ్లకూ గదికీ మధ్య తేడా పెరిగితే రేడియేటర్‌లో దుమ్ము చేరిందని, బ్లోయర్‌తో ఊదాలని అర్థం. చిప్‌కూ నీళ్లకూ మధ్య తేడా పెరిగితే పేస్టు ఎండిందో, పంపు నీరసించిందో, లోపల కాలువలు పూడుతున్నాయో చూడాలి. ముందు పేస్టు మార్చి చూస్తాను. అప్పటికీ తగ్గకపోతే కూలర్ వారంటీ కాగితం బయటికి తీయాల్సిందే.